నూకరత్నం ప్లేటు

నర్సింగ్ మొదటి సంవత్సరం పిల్లలకు సూక్ష్మజీవశాస్త్రం ప్రాక్టికల్స్ ముక్కుతో మొదలయ్యేవి. పాఠం చెప్పే డాక్టర్ పంపన వింధ్యావళి ఏటా అదే పద్ధతి పాటించేది. తలా ఒక దూదిపుల్ల ఇచ్చి, ముక్కులో నెమ్మదిగా తిప్పి, అగార్ పోసిన ప్లేటు మీద గీతలు గీయమనేది. అగార్ సముద్రపు నాచు నుంచి తీసే జిగురు. దానికి కాస్త గొర్రె నెత్తురు కలిపితే బాక్టీరియాకు అంతకన్నా మంచి భోజనం ఉండదు. మూతపెట్టి, మనిషి ఒంట్లో ఉండేంత వేడిలో ఒకరోజు ఉంచితే, కంటికి కనబడని ఒక్కొక్క జీవి లక్షలుగా పెరిగి గుండుసూది తలంత చుక్క అవుతుంది. ఆ చుక్క పేరు కాలనీ.

మర్నాడు ప్లేట్లు చూసుకుని పిల్లలు మొహాలు చిట్లించేవాళ్ళు.

“నా ముక్కులో ఇన్నున్నాయా మేడం?”

“లేకపోతే చెడ్డవి వచ్చి కూర్చుంటాయి. ఇవి కాపలా” అనేది వింధ్యావళి.

ఆ ఏడాది కాకినాడ కాలేజీలో చేరినవాళ్ళలో సూరాడ నూకరత్నం అనే అమ్మాయి ఉంది. ఉప్పాడ పిల్ల. తండ్రి వేటకు వెళ్తాడు, తల్లి మసేనమ్మ ఎండుచేపలు అమ్ముతుంది. అందరి ప్లేట్ల మీదా చుక్కలు ఒకదాని పక్కన ఒకటి కిక్కిరిసి ఉంటే, నూకరత్నం ప్లేటులో ఒకచోట తేనెరంగు కాలనీ ఒకటి విడిగా ఉంది. దాని చుట్టూ చీపురుతో ఊడ్చినట్టు ఖాళీ. ఏదీ పెరగలేదు.

వింధ్యావళి ఆ ప్లేటు పక్కన పెట్టింది.

కాలేజీని ఆనుకుని ఉన్న ఆసుపత్రిలో నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డు ఉంది. ఒక బాక్టీరియా ఆ వార్డును పట్టుకుని రెండేళ్ళు దాటింది. గోడలు గీకి రంగులు వేశారు, గొట్టాలన్నీ మార్చారు, దొరికిన మందులన్నీ వాడారు. అది ఒక్కో మందుకూ అలవాటుపడుతూ పోయింది. వార్డు పెద్ద డాక్టర్ త్రినాథమూర్తి దాని పేరు పలకడం కూడా మానేశాడు. “అది” అనేవాడు. “అది కిటికీ పక్క పిల్లాడి దాకా వచ్చింది” అంటే వినేవాళ్ళకు అర్థమైపోయేది.

వింధ్యావళి దగ్గర ‘అది’ సీసాలో ఉంది. ఒక కొత్త ప్లేటు మీద దాన్ని అంచుల దాకా పూసి, మధ్యలో తేనెరంగు కాలనీని తాకించింది. మర్నాటికి ప్లేటంతా మీగడ కట్టినట్టు ‘అది’ పెరిగింది, మధ్యలో మాత్రం రూపాయి బిళ్ళంత మేర తేటగా ఉంది.

త్రినాథమూర్తిని పిలిచి చూపించింది. ఆయన ప్లేటును వెలుతురుకేసి పట్టుకుని చాలాసేపు చూశాడు.

“ఇంకోసారి చెయ్యండి” అన్నాడు.

ఇంకోసారీ అదే వచ్చింది.

*

తేనెరంగు జీవి ఏదో రసం వదులుతోందని, ఆ రసమే ‘అది’ని చంపుతోందని తెలియడానికి ఎక్కువ కాలం పట్టలేదు. రసాన్ని వడకట్టి, శుభ్రం చేసి, ఎలుకల మీద చూశారు. పైనుంచి అనుమతి వచ్చింది, వేరే దారిలేని పిల్లలకు మాత్రమే అన్న షరతుతో. మొదట ఇచ్చింది తుని నుంచి వచ్చిన ఒక మగపిల్లాడికి. మర్నాడు సాయంత్రానికి వాడు ఏడ్చాడు. అన్నాళ్ళూ ఏడవడానికి కూడా ఓపికలేని పిల్లాడు వాడు. వార్డులో నర్సులంతా వచ్చి ఆ ఏడుపు విన్నారు.

కానీ ఒక చిక్కు వచ్చిపడింది.

సూక్ష్మజీవశాస్త్రంలో మొట్టమొదట నేర్పేది వేరుచేయడం. ముక్కులోంచి తీస్తే పది రకాలు కలిసి వస్తాయి. వాటిలో మనకు కావలసినదాన్ని తీగకొనతో తాకి, కొత్త ప్లేటు మీద గీసి, అక్కణ్ణుంచి మరో ప్లేటు మీదికి మార్చి, చివరికి అదొక్కటే మిగిలేలా చేయాలి. అప్పుడుగాని దాని సంగతి నమ్మకంగా చెప్పలేం. వింధ్యావళి అలాగే చేసింది. వేరుచేసిన తేనెరంగు జీవి చక్కగా పెరిగింది, రంగు మారలేదు. కానీ రెండుమూడు ప్లేట్లు మారేసరికి రసం వదలడం మానేసింది. మళ్ళీ ‘అది’ పక్కన పెడితే ‘అది’ హాయిగా దాని మీదికి ఎక్కేది.

తిండి మార్చారు. ఉప్పు పెంచారు, తగ్గించారు. వేడి మార్చారు. జన్యువులు చదివించారు, అన్నీ ఉన్నాయి. అయినా రసం లేదు. రత్నం ముక్కులోంచి తాజాగా తీసినప్పుడు మాత్రం మళ్ళీ మొదటి రెండు ప్లేట్ల దాకా పనిచేసేది.

రత్నం తల్లిదండ్రుల ముక్కుల్లో వెతికారు, తమ్ముడి ముక్కులో వెతికారు. లేదు. వింధ్యావళి తన ముక్కులో దాన్ని వేసుకుని చూసింది. వారం తిరక్కుండా మాయమైంది. ఆ జీవి ఉండేది ఒక్క రత్నం ముక్కులోనే. అందుకని వారం వారం ఆ అమ్మాయి దగ్గర దూదిపుల్ల పెట్టి తీయడం మొదలైంది. ఒక వారం పుల్లలతో ఇద్దరు ముగ్గురు పిల్లలకు సరిపడా మందు వచ్చేది.

ప్రిన్సిపాల్ గదిలో ఆమెను అడిగారు. ప్రిన్సిపాల్, త్రినాథమూర్తి, వింధ్యావళి ముగ్గురూ ఉన్నారు.

“నువ్వు కొన్నాళ్ళు యాంటీబయాటిక్స్ ఏవీ వాడకూడదు. ముక్కుకు బామ్ రాయకూడదు, ఆవిరి పట్టకూడదు. నలుగురితో పడుకుంటే వాళ్ళవి నీకు, నీవి వాళ్ళకు అంటుతాయి కాబట్టి వేరే గది ఇస్తాం. నీకేమైనా అభ్యంతరమా?” అన్నాడు త్రినాథమూర్తి.

“ఆయ్, లేదండి” అంది రత్నం.

ముగ్గురు పెద్దవాళ్ళు ఎదురుగా నిలబడి అడిగితే కాలేజీలో చేరి ఏడాదైనా తిరగని పిల్ల ఇంకేమంటుంది?

మొదట్లో ఆమెకు బాగానే ఉండేది. వార్డు అద్దంలోంచి పిల్లల్ని చూపించేవాళ్ళు. “ఈడు నా మందుతోనే లేచేడండి” అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. తరవాత్తరవాత గది ఇరుకనిపించసాగింది. హాస్టల్ పైఅంతస్తులో చివరి గది అది. భోజనం పళ్ళెంలో పెట్టి గుమ్మం దగ్గర వదిలేవాళ్ళు. క్లాసులో వెనక బెంచీ మీద ఒక్కతే, మాస్కుతో. ఆదివారం మసేనమ్మ వస్తే వరండాలో, కిటికీ అవతలే నిలబడి మాట్లాడాలి. మేనమామ కూతురి పెళ్ళికి పంపలేదు. ఉప్పాడ నిండా జనం, ఎవరి జలుబు అంటుకుంటుందోనని.

“పెళ్ళికెందుకు రాలేదే అని అందరూ అడుగుతున్నారు. ఏం సెప్పమంటావు?” అంది మసేనమ్మ కిటికీ అవతలినుంచి.

“డాక్టర్లు ఒద్దన్నారని సెప్పు.”

“సెప్తే, నీకేదో రోగమనుకుంటన్నారు.”

రత్నం నవ్వింది. తల్లి నవ్వలేదు.

*

వానలు పట్టాక రత్నానికి జలుబు చేసింది. ఆ తరవాత జ్వరం. కుడివైపు డొక్కలో పోటు, దగ్గితే ఇటుకపొడి రంగు కళ్ళె.

ఆ కళ్ళెను వింధ్యావళే పరీక్ష చేసింది. గాజు పలక మీద పలచగా పూసి, మంట మీద ఆడించి, ఊదారంగు పోసింది. అయోడిన్ పోసి, స్పిరిట్‌తో కడిగి, చివర ఎర్రరంగు వేసింది. స్పిరిట్‌తో కడిగినా ఊదా వదలనివి ఒక వర్గం, వదిలేసి ఎరుపెక్కేవి ఇంకో వర్గం. ఇదంతా రత్నం బ్యాచికి ఆమె నేర్పిన పాఠమే. సూక్ష్మదర్శినిలో చూస్తే ఊదారంగు గింజలు జంటలు జంటలుగా కనబడ్డాయి. న్యుమోనియా. ఆ చుట్టుపక్కల పాతకాలపు పెన్సిలిన్‌కు ఇంకా లొంగే రకం.

ఒక్క క్షణం ఊపిరి పీల్చుకుంది. వెంటనే సంగతి గుర్తొచ్చింది. తేనెరంగు జీవి కూడా పెన్సిలిన్‌కు లొంగే రకమే.

త్రినాథమూర్తి వార్డు బయట బల్ల మీద కూర్చుని ఉన్నాడు. వింధ్యావళి వెళ్ళి చెప్పింది.

“పెన్సిలిన్ చాలు. మూడు రోజుల్లో లేచి కూర్చుంటుంది.”

“ముక్కులోది?”

“పోతుంది.”

ఆయన కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. “లోపల ఆరుగురున్నారు వింధ్యగారూ. నలుగురికి సగం పైన అయింది. ఇద్దరికి ఇప్పుడే మొదలుపెట్టాం. రెండు రోజులు ఆగలేమా? వయసులో ఉన్న పిల్ల, తట్టుకుంటుంది. ఆక్సిజన్ పెడదాం. ఈలోగా మీరు పుల్లలు తీసి దాచండి.”

“ఆగితే ఏమవుతుందో మీకు తెలుసు.”

“తెలుసు. ఆగకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. అందుకే అడుగుతున్నాను.”

ఆయన చెడ్డవాడు కాదు. రెండేళ్ళుగా తెల్లగుడ్డలో చుట్టిన మూటల్ని తల్లుల చేతుల్లో పెట్టినవాడు. వింధ్యావళి సరేననలేదు. కాదనీ అనలేదు. లేబొరేటరీకి వెళ్ళి పుల్లలు తెచ్చుకుంది.

రత్నం దగ్గుల మధ్యే ఆమె చెప్పిందంతా విని, “ఆగుతానండి. పసిపిల్లలు కదండీ” అంది.

ఆ పుల్లలు కూడా దండగయ్యాయి. ముక్కు కారిపోతుంటే తేనెరంగు జీవి నిలవడం లేదు. ఎన్ని ప్లేట్ల మీద గీసినా ఒకటో రెండో చుక్కలు వచ్చేవి. మర్నాడు మధ్యాహ్నానికి రత్నం పెదవులు నల్లబడ్డాయి. మాట పూర్తిచేయడానికి రెండుసార్లు ఊపిరి తీసుకోవలసి వస్తోంది.

మసేనమ్మ చేపల గంప ఎవరికో అప్పజెప్పి ఉన్నపళంగా బస్సెక్కి వచ్చింది. ఈసారి ఆమెను కిటికీ దగ్గర ఎవరూ ఆపలేకపోయారు. కూతురి నుదుటి మీద చెయ్యి పెట్టి, వింధ్యావళి కేసి తిరిగింది.

“ఏటయ్యిందండీ నా పిల్లకి?”

“ఊపిరితిత్తులకు జబ్బు చేసిందమ్మా.”

“దానికి మందు లేదాండీ?”

“ఉంది.”

“మరెయ్యలేదేటి?”

వింధ్యావళి ఉన్నదున్నట్టు చెప్పింది. మందు వేస్తే ముక్కులోది చచ్చిపోతుందని, అది చస్తే వార్డులో పిల్లలకు మందుండదని. మసేనమ్మ కూతురి నుదుటి మీది చెయ్యి తియ్యకుండా విన్నది.

“ఆ పిల్లల కోసం దీనికి మందాపేరు. అంతేనాండీ?”

“అంతే.”

“ఇదీ పిల్లే కదండీ” అంది మసేనమ్మ. గొంతు పెంచలేదు.

వింధ్యావళి లేచి వెళ్ళి పెన్సిలిన్ తెచ్చింది. సిరంజిలోకి ఎక్కిస్తుంటే రత్నం చెయ్యి వెనక్కి లాక్కుంది.

“వద్దు మేడం... రేపటి దాకా... నేను ఆగుతానన్నాను కదండీ...”

“పట్టుకోండమ్మా” అంది వింధ్యావళి.

మసేనమ్మ కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది. సూది దిగాక రత్నం మొహం గోడవైపు తిప్పుకుంది.

*

జ్వరం తగ్గింది. పెదవులకు రంగొచ్చింది. ముక్కులోంచి పుల్ల తీసి గీస్తే ప్లేటు మీద అందరికీ ఉండేవే ఉన్నాయి. తేనెరంగు చుక్క ఒక్కటీ లేదు.

మిగిలిన మందును త్రినాథమూర్తి ఆరుగురికీ పంచాడు. ముందు మొదలుపెట్టిన నలుగురూ గట్టెక్కారు. చివర మొదలుపెట్టిన ఇద్దరిలో మగపిల్లాడు ఎలాగో తట్టుకున్నాడు. రెండోది ఆడపిల్ల, పిఠాపురం అనంతలక్ష్మి కూతురు. ఆ పిల్ల పోయింది.

త్రినాథమూర్తి వింధ్యావళిని ఒక్క మాటా అనలేదు. లేబొరేటరీ వైపు రావడం మాత్రం మానేశాడు. ఎదురుపడితే తల ఊపి వెళ్ళిపోయేవాడు.

రత్నం ఇంటికి వెళ్ళి, కోలుకుని, తిరిగి కాలేజీకి వచ్చింది. ఇప్పుడామె అందరితోపాటు పెద్దహాల్లోనే పడుకుంటోంది. ఒకరోజు క్లాసు అయ్యాక లేబొరేటరీలోకి వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

“ఎవరు పోయేరు మేడం?”

వింధ్యావళి చెప్పింది.

“మీరు నన్నడగలేదు” అంది రత్నం.

“నీకప్పుడు...”

“నాకప్పుడు తెలివుంది. ఆగుతానని సెప్పేను. మొదట్లో ముక్కులోంచి తీసినప్పుడూ సరిగ్గా అడగలేదు. ముగ్గురు నిలబడి అభ్యంతరమా అంటే ఏటంటాను? ఆఖర్న నా అంతట నేను ఒక మాట సెప్తే, అదీ ఇనలేదు. మరి నేనెందుకు మేడం మధ్యలో?”

వింధ్యావళి కుర్చీ ఒకటి ముందుకు జరిపింది. ఆ మందు వెయ్యకపోతే నువ్వుండేదానివి కాదు అనవచ్చు. అనలేదు. ఆ మాట రత్నానికి తెలియనిది కాదు.

రత్నం కుర్చీలో కూర్చుని, కోపంగానే, చాలాసేపు మాట్లాడింది. పెళ్ళికి వెళ్ళలేకపోయిన సంగతి, పళ్ళెం గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళిపోయిన సంగతి.

“ఆ గదిలో ఒక్కదాన్నే ఉంటే ఎలాగుండేదో మీకు తెలీదండి. మాటాడ్డానికి మనిషి లేదు. ఆదివారం అమ్మొచ్చి పలకరిస్తే, ఏం మాటాడాలో తోచేది కాదు. నోట్లోంచి మాటొచ్చేది కాదు. మా అమ్మ భయపడిపోయింది, ఇదేటి మాట మర్చిపోయిందా అని.”

వింధ్యావళి వింటూ వింటూ శీతలపెట్టె కేసి తిరిగింది.

“ఏటండీ?” అంది రత్నం.

“ఏం లేదు. చెప్పు.”

రత్నం చెప్పుకుపోయింది. వింధ్యావళి చివరిదాకా విన్నది. రత్నం వెళ్ళాక శీతలపెట్టె తలుపు తీసింది.

అక్కడ రెండు రకాల సీసాలున్నాయి. వేరుచేసి శుద్ధిచేసిన తేనెరంగు జీవి కొన్నిట్లో. పుల్లతో తీసిన మొదటి వారాల సరుకు, ఏమీ వేరుచేయకుండా, పది రకాలు కలగలిసి ఉన్నది కొన్నిట్లో. పద్ధతి ప్రకారం దాచినవి. ఆ రెండో రకం సీసాల్ని మళ్ళీ తెరవవలసిన పని ఎవరికీ పడలేదు. అందులో కావలసినదాన్ని ఎప్పుడో తీసేసుకున్నారు కదా, మిగిలింది చెత్త.

కలగలిసిన సరుకును ప్లేటు మీద గీసి వెచ్చటి పెట్టెలో పెట్టింది. మామూలుగా ఒకరోజు, మహా అయితే రెండు రోజులు ఉంచి తీసేస్తారు. ఈసారి తీయలేదు. నాలుగో రోజున, పెద్ద కాలనీల మధ్య, మంచుతుంపర పడినట్టు ఏవో సన్నటి చుక్కలు కనిపించాయి. రంగులేదు. వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటేగాని కనిపించవు. అంత నిదానంగా పెరిగే రకం. తేనెరంగు జీవిని ఎత్తుకున్నప్పుడల్లా తీగకొనకు అంటుకుని కాస్త వచ్చేవి. మార్చిన కొద్దీ పలచబడి, శుద్ధి పూర్తయ్యేసరికి మొత్తం పోయేవి.

రసం వదలడం మానేసిన తేనెరంగు జీవిని, ఈ సన్నచుక్కను పక్కపక్కనే పెట్టింది. చుట్టూ ‘అది’ పూసింది.

మర్నాడు తీసి చూస్తే చుట్టూ తేటగా ఉంది. రూపాయి బిళ్ళకన్నా వెడల్పుగా ఉంది.

సన్నచుక్క ఏదో సంకేతం వదులుతోంది, దానికి బదులుగా తేనెరంగు జీవి రసం వదులుతోంది. అంతే సంగతి. ఒంటరిగా ఉంచినంతకాలం దానికి ఆ పని లేదు. మార్చి మార్చి చూసినా ఆ జంట రసం ఆగలేదు. గంగాళంలో పెంచినా ఆగలేదు. ఎవరి ముక్కూ అవసరం లేదు.

వింధ్యావళి ప్లేటు పట్టుకుని స్వయంగా వార్డుకు వెళ్ళింది. త్రినాథమూర్తి చూశాడు, మొదటిసారి చూసినట్టే వెలుతురుకేసి పట్టుకుని. విషయమంతా విన్నాడు.

“అంటే మొదటివారంలోనే ఆ ప్లేట్లు పారేయకుండా ఇంకో రెండు రోజులు ఉంచి ఉంటే...” అని ఆగాడు.

“అవును.”

“ఆ అమ్మాయిని గదిలో పెట్టే పని ఉండేది కాదు.”

“ఉండేది కాదు.”

“ఆ పిల్ల...” అన్నాడు. అనంతలక్ష్మి కూతురి సంగతి. వింధ్యావళి తల ఊపింది. ఆయన ప్లేటు తిరిగి ఆమె చేతికిచ్చి, “ఎంత త్వరగా తయారుచేయగలరు?” అన్నాడు. లోపల మళ్ళీ ముగ్గురికి ‘అది’ పట్టింది.

ఆ ముగ్గురూ బతికారు. తరవాత వచ్చినవాళ్ళూ చాలావరకు బతికారు. మందు విశాఖ వెళ్ళింది, గుంటూరు వెళ్ళింది. ఎక్కడెక్కడినుంచో కబుర్లు వచ్చాయి. కాలేజీలో సన్మానం చేస్తామంటే వింధ్యావళి ఇప్పుడొద్దంది.

*

రత్నానికి ఆమె విషయం దాచలేదు. లేబొరేటరీలో కూర్చోబెట్టి ప్లేటు చూపించి, సన్నచుక్కలు ఎక్కడున్నాయో వేలుపెట్టి చూపించింది.

“ఇవి మొదటినుంచీ మా దగ్గరే ఉన్నాయి. చూసుకోలేదు. నిన్ను అన్ని బాధలు పెట్టవలసిన అవసరమే లేదు.”

రత్నం ప్లేటును అటూ ఇటూ వంచి చూసింది. “ఇంతేనాండీ?” అంది. ఇంకాసేపటికి, “ఆ పిల్ల తల్లికి తెలుసా అండీ?” అంది.

“లేదు. నేను వెళ్ళి చెప్పాలనుకుంటున్నాను.”

“నేనూ వస్తాను.”

“నువ్వెందుకు రత్నం? నీ తప్పేం లేదు.”

“తప్పని కాదండి. వస్తాను.”

ఇద్దరూ పిఠాపురం బస్సెక్కారు. అనంతలక్ష్మి ఇల్లు స్టేషన్ వెనక సందులో ఉంది. వరండాలో కుట్టుమిషను మీద స్కూలు యూనిఫారాలు కుడుతోంది. వింధ్యావళిని చూసి గుర్తుపట్టింది. మిషను ఆపింది గాని లేవలేదు.

వింధ్యావళి నిలబడే చెప్పింది. మందు ఎక్కడినుంచి వచ్చేదో, ఎందుకు ఆగిపోయిందో, ఇప్పుడు ఏం తెలిసిందో. ముందే చూసుకుని ఉంటే పాప బతికి ఉండేదన్న మాట కూడా చెప్పింది. ఆ మాట దగ్గర అనంతలక్ష్మి చేతిలోని గుడ్డను మడతపెట్టడం మొదలుపెట్టింది. మడతపెట్టి, విప్పి, మళ్ళీ పెట్టింది.

“పేరు కూడా పెట్టలేదండి దానికి. బారసాలకి పెడదామనుకున్నాం” అంది.

గుడ్డను మిషను మీద పెట్టింది.

“ఇదంతా నాకెందుకు చెప్తున్నారు?”

“మీకు తెలియాలని.”

“తెలిసింది కదా. తెలిసి నేనేం చేసుకోవాలి? అదృష్టం లేదనుకుని ఊరుకున్నాను. ఇప్పుడలా అనుకోవడానికి కూడా లేకుండా చేశారు. ఇంక వెళ్ళండి.”

వింధ్యావళి చేతులు జోడించి మెట్లు దిగింది. రత్నం వెనకే కదలబోయింది.

“నువ్వాగు. ఆ ముక్కు నీదేనా?” అంది అనంతలక్ష్మి.

“ఆయ్.”

“మందొద్దని నువ్వే అన్నావంటగా.”

“అన్నానండి. ఇనలేదు.”

అనంతలక్ష్మి ఆ పిల్లను కిందనుంచి పైదాకా చూసింది. జబ్బుపడి లేచాక రత్నం ఒళ్ళు ఇంకా పూర్తిగా తేరుకోలేదు. జాకెట్టు చేతులు వదులుగా వేలాడుతున్నాయి.

“మీ అమ్మకి ఎంతమంది?”

“నేనూ తమ్ముడూనండి.”

“అన్నం తిన్నావా?”

“లేదండి.”

“లోపలికి రా.”

వింధ్యావళి సందు చివర కిళ్ళీకొట్టు నీడలో నిలబడింది. ఎండ మండిపోతోంది. కాకినాడ బస్సు ఒకటి వెళ్ళిపోయింది. వరండాలో మిషను చప్పుడు లేదు. లోపల ఏం మాట్లాడుకుంటున్నారో వినబడదు. ఒకసారి గిన్నె కింద పెట్టిన చప్పుడు వచ్చింది. కాసేపటికి ఎవరో ఏడుస్తున్నట్టు అనిపించింది, ఇద్దరిలో ఎవరో తెలియలేదు. ఇంకో బస్సు కూడా వెళ్ళింది.

చివరికి రత్నం వరండాలోకి వచ్చి, చెయ్యి పైకెత్తి పిలిచింది.

వింధ్యావళి మెట్ల దాకా వెళ్ళింది.

“రమ్మంటున్నారండి. ఎండలో నిలబడ్డారు, మంచినీళ్ళు తాగి ఎల్లమంటున్నారు.”

గుమ్మంలో అనంతలక్ష్మి గ్లాసు పట్టుకుని ఉంది. ఆమె మొహంలో కోపం ఎక్కడికీ పోలేదు. వింధ్యావళి చెప్పులు విడిచి మెట్లెక్కింది.